50 వేలలో డీటీపీ పనికి, బీటెక్ చదువుకి కలిపి ఒకే డెస్క్‌టాప్: ఈ కొటేషన్ ఒప్పుకోవచ్చా?

ప్రశ్న చిత్తూరు నుంచి. ఇంట్లోనే డీటీపీ చేస్తారట: పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు. అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. ఇద్దరికీ కలిపి ఒకటే సిస్టం కావాలి, మానిటర్‌తో సహా బడ్జెట్ 50 వేలు. షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్ ఇది: ఐ7 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, 4 జీబీ గ్రాఫిక్ కార్డు, రంగు లైట్ల కేబినెట్, దాంతోపాటు ఎస్‌ఎంపీఎస్ (సిస్టం లోపలి పార్టులకి కరెంటు అందించే డబ్బా) ఫ్రీ, 22 ఇంచుల మానిటర్. అన్నీ కలిపి 38 వేలు. "పన్నెండు వేలు మిగులుతున్నాయి కదా, తీసేసుకోమంటారా?" అని అడిగారు.

వద్దన్నా. ఆ పన్నెండు వేలు ఏ పార్టుల్లోంచి మిగిలాయో చూస్తే మీరే వద్దంటారు.

నేనైతే ఇలా తీసుకుంటా: ఇంటెల్ ఐ5-12400 (చివర 'ఎఫ్' అక్షరం లేనిది), హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా నడిచే రకం) ఎస్‌ఎస్‌డీ, పేరున్న కంపెనీది 450 లేదా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, ముందువైపు జాలీ ఉన్న మామూలు కేబినెట్, 22 ఇంచుల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు మారని రకం) మానిటర్. గ్రాఫిక్ కార్డు ఇప్పుడు వద్దు. పాత సిస్టంలోని హార్డ్ డిస్క్ బాగుంటే అదే దీనికి తగిలించుకోండి, కొత్తది కొనక్కర్లేదు.

నేను తిరుపతిలో సిస్టమ్స్ అసెంబుల్ చేస్తాను, అంతకన్నా ఎక్కువగా రిపేర్లు చూస్తాను. ఏది ఎందుకు చెడిపోయి నా టేబుల్ మీదికి వస్తుందో చూసి చూసి, పార్టులు ఎంచుకునే పద్ధతి కూడా దాన్నిబట్టే అలవాటైంది. తక్కువ బడ్జెట్‌లో డబ్బు పెట్టాల్సింది ఎస్‌ఎంపీఎస్, బోర్డు, ర్యామ్ మీద. కొటేషన్లలో కోత పడేదీ సరిగ్గా అక్కడే. కొనేవాళ్లు ఐ7 ఉందా అంటారు, గ్రాఫిక్ కార్డు ఎన్ని జీబీ అంటారు, లైట్లు చూస్తారు. ఎస్‌ఎంపీఎస్ ఏ మోడల్ అని అడిగేవాళ్లు అరుదు. అడగని చోట ఎవరైనా ఎందుకు ఖర్చు పెడతారు?

ఐ7 సరే, ఏ ఐ7?

మీ కొటేషన్‌లో ఐ7 అని మాత్రమే ఉంది, నంబరు లేదు. ఆ ధరలో కొత్త తరం ఐ7 వచ్చే అవకాశమే లేదు. ఐ7-3770 గానీ, ఐ7-4770 గానీ అయ్యుంటుంది. మొదటిది 2012లో వచ్చింది, రెండోది 2013లో. ఆఫీసుల్లో తీసేసిన కంప్యూటర్ల నుంచి ఊడదీసిన ప్రాసెసర్లకి, కొత్తగా తయారైన హెచ్61, హెచ్81 బోర్డులు జతచేసి అమ్ముతారు. బోర్డు పెట్టె కొత్తది, సీలు కొత్తది, కాబట్టి 'కొత్త సిస్టం' అనేస్తారు. మీ ముందే సీలు తీస్తారు కాబట్టి మీకూ అనుమానం రాదు.

ఐ3, ఐ5, ఐ7 అనే మెట్లు ఒకే తరంలో పోల్చుకోవడానికే పనికొస్తాయి. తరం మారితే ఆ లెక్క చెల్లదు. నాలుగే కోర్లున్న ఐ3-12100 కూడా ఐ7-3770ని సులువుగా దాటేస్తుంది. తరం ఎలా తెలుస్తుందంటే, గీత పక్కన అయిదు అంకెలుంటే మొదటి రెండు, నాలుగుంటే మొదటి ఒకటి. 12400 అంటే 12వ తరం, 3770 అంటే 3వ తరం. అంతే.

ఇంకో పెద్ద ఇబ్బంది విండోస్‌తో. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో 8వ తరమో ఆ తర్వాతదో కావాలి, టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే ఏర్పాటు) ఉండాలి. 3వ తరం ప్రాసెసర్ మీద అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించొచ్చు, చాలామంది ఎక్కించే ఇస్తారు. కానీ అలాంటి సిస్టంకి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ మాటివ్వదు. రోజూ పదిమంది కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు గుచ్చే డీటీపీ సిస్టంలో అప్‌డేట్లు ఆగిపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా!

ఐ5-12400 విషయానికొస్తే 2022 జనవరిలో వచ్చింది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, లోపలే యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్. మీ ఇద్దరి పనికీ చాలినంత కన్నా ఎక్కువే. 13400, 14400 తీసుకోండని షాపులో అంటే, ఆ తేడా డబ్బు ర్యామ్‌కి మార్చమనండి. బడ్జెట్ మరీ బిగుసుకుంటే ఐ3-12100కి దిగండి గానీ పాత ఐ7 జోలికి మాత్రం పోవద్దు.

చివర 'ఎఫ్' ఉందో లేదో చూసుకోండి. 12400ఎఫ్ కొంచెం చవక, అందుకని చాలా కొటేషన్లలోకి అది దూరుతుంది. దాంట్లో గ్రాఫిక్స్ లేదు. విడిగా గ్రాఫిక్ కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. ఆన్‌లైన్లో పార్టులు కొనుక్కుని, యూట్యూబ్ చూసి అన్నీ చక్కగా బిగించి, "డిస్‌ప్లే రావట్లేదన్నా, బోర్డు పోయినట్టుంది" అని నా దగ్గరికి తెచ్చే కుర్రాళ్లలో చాలామంది కథ ఇదే. బోర్డుకి ఏమీ అయ్యుండదు.

ర్యామ్ ఎందుకు 16 జీబీ

మీ పనితోనే లెక్క చెబుతా. 20 అడుగులు × 10 అడుగుల ఫ్లెక్సీ, 72 రిజల్యూషన్‌లో (ఇంచుకి 72 పిక్సెళ్లు) పెట్టారనుకోండి. పొడవు 240 ఇంచులు, అంటే 17,280 పిక్సెళ్లు. ఎత్తు 120 ఇంచులు, 8,640 పిక్సెళ్లు. గుణిస్తే దాదాపు 15 కోట్ల పిక్సెళ్లు. సీఎంవైకేలో (ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి) ఒక్కో పిక్సెల్‌కి నాలుగు బైట్లు, కాబట్టి నిండా బొమ్మ ఉన్న ఒక్క లేయరే 600 ఎంబీ దాకా అవుతుంది. వెనక బ్యాక్‌గ్రౌండ్, మీద నాయకుడి ఫోటో, చుట్టూ ఇరవై మంది అనుచరుల ఫోటోలు, అందరికీ నీడలు, పేర్లు. దానికి తోడు ఫోటోషాప్ వెనక్కి వెళ్లడానికి దాచుకునే హిస్టరీ. 8 జీబీలో విండోస్ తినగా మిగిలేది ఎంత? ర్యామ్ నిండగానే ఫోటోషాప్ డిస్క్‌ని వాడుకోవడం మొదలుపెడుతుంది, మౌస్ కదిలిస్తే బొమ్మ ఆలస్యంగా కదులుతుంది. దాన్ని చూసి అందరూ "గ్రాఫిక్ కార్డు తక్కువైంది" అనుకుంటారు. తక్కువైంది ర్యామ్.

పాప సంగతీ అంతే. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, ఎమ్యులేటర్ (తెర మీదే ఫోన్‌లా నడిచేది) ఆన్ చేసి, పక్కన క్రోమ్‌లో పది ట్యాబులు పెడితే 8 జీబీ సిస్టం మూలుగుతుంది. వర్చువల్‌బాక్స్‌లో లైనక్స్ నడపాలన్నా దానికి విడిగా కొంత ర్యామ్ ఇచ్చేయాలి.

ఇక్కడో చేదు నిజం. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. మెమరీ చిప్పులు ఏఐ డేటా సెంటర్లకి పోవడం దానికి కారణం. ఎస్‌ఎస్‌డీల మీదా ఆ ప్రభావం పడింది. అందుకే నేను పార్టుల ధరలు ఒక్కొక్కటీ ఇక్కడ రాయట్లేదు. ఈ వారం రాసింది వచ్చే వారానికి చెల్లకపోవచ్చు. పాత సిస్టంలోని డీడీఆర్3 ర్యామ్ దీనికి పనికిరాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. డీడీఆర్4 ర్యామ్ ఉన్న సిస్టం ఏదైనా ఇంట్లో పడి ఉంటే మాత్రం తప్పకుండా ఊడదీయించండి.

16 జీబీ ఒకే ముక్కగా తీసుకోవాలా, 8 జీబీవి రెండు తీసుకోవాలా? పుస్తకం ప్రకారం రెండు ముక్కలే మేలు, ర్యామ్‌కి రెండు దారులు తెరుచుకుంటాయి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి వేగం వస్తుంది. కానీ హెచ్610లో స్లాట్లు రెండే. రెండూ నింపేస్తే రేపు 32 జీబీ కావాలన్నప్పుడు ఈ రెండూ తీసి పక్కన పెట్టాలి. మీది గేముల సిస్టం కాదు కాబట్టి ఇప్పుడు 16 జీబీది ఒకటి వేసి, రేట్లు దిగినప్పుడు అలాంటిదే ఇంకోటి వేసుకోవడం నాకు మంచిదనిపిస్తుంది. దీన్ని ఒప్పుకోనివాళ్లు ఉంటారు, ఉండనివ్వండి.

4 జీబీ గ్రాఫిక్ కార్డు

దీనికీ మోడల్ నంబర్ లేదు. ఇలాంటి కొటేషన్లలో ఎక్కువగా వచ్చేది జీటీ 730. అది 2014 నాటిది. 4 జీబీ అన్న అంకె చూసి మురిసిపోవద్దు. ఆ మెమరీ డీడీఆర్3, నెమ్మదిది. ఐ5-12400లో ఉచితంగా వచ్చే గ్రాఫిక్స్ దాదాపు దానికి సమానంగా పనిచేస్తుంది. పైగా ఆ తరం చిప్పులకు కొత్త డ్రైవర్లు ఇవ్వడం ఎన్‌విడియా 2021లోనే ఆపేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు సెక్యూరిటీ ప్యాచులు మాత్రం ఇచ్చింది.

కోరెల్‌డ్రాకి, పత్రికల పనికి, కోడింగ్‌కి విడి కార్డు అక్కర్లేదు. పాప మూడో సంవత్సరంలో మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్ట్ అంటే గూగుల్ కొలాబ్‌లో (నెట్‌లోనే కోడ్ నడిపే సేవ) ఉచితంగానే చాలావరకు నడిచిపోతుంది. అప్పటికీ కార్డు కావాలనిపిస్తే ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం ఉంది. 70 వాట్లతో నడుస్తుంది, మామూలుగా ఎస్‌ఎంపీఎస్ నుంచి విడి వైరు కూడా అడగదు. ఆరోజుకి ఆ స్లాట్ ఖాళీగా ఉంటే చాలు. పెళ్లి వీడియోలు కూడా ఎడిట్ చేస్తానంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం, అది వేరే లెక్క.

బోర్డు

హెచ్610 అంటే ఇంటెల్ 600 సిరీస్‌లో అన్నిటికన్నా చవక చిప్‌సెట్. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్ (ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ దిగే చోటు) కూడా ఒక్కటే ఉంటుంది. 65 వాట్ల 12400కి ఇది చక్కగా సరిపోతుంది. ఇదే బోర్డులో రేపు 'కె' రకం (ఎక్కువ కరెంటు తినేది) ఐ7 పెట్టుకుందాం అనే ఆలోచన మాత్రం వద్దు, కరెంటు అందించే భాగం అంత గట్టిగా ఉండదు. ఇంకో రెండు మూడు వేలు సర్దుకోగలిగితే నాలుగు ర్యామ్ స్లాట్లున్న బి760 బోర్డు చూడండి, అప్పుడు పైన చెప్పిన ర్యామ్ ముక్కల గొడవే ఉండదు.

కొనేముందు రెండు విషయాలు. దాదాపు ఒకే పేరుతో డీడీఆర్4 బోర్డూ డీడీఆర్5 బోర్డూ దొరుకుతాయి. ర్యామ్ మీది గాడి వేరే చోట ఉంటుంది, ఒకదానిది ఇంకోదాంట్లో దిగదు. చాలా కంపెనీలు డీడీఆర్4 బోర్డు పేరు చివర 'డీ4' అని రాస్తాయి. బిల్లులో ఆ పేరు పూర్తిగా రాయించండి. రెండోది, బోర్డు వెనక ఏ పోర్టులున్నాయో చూడండి. మీ పాత మానిటర్‌ని రెండో తెరగా పెట్టుకోవాలంటే, దానికి వీజీఏ (పాత రకం మానిటర్ పోర్టు) మాత్రమే ఉంటే, బోర్డుకీ వీజీఏ ఉండాలి. పత్రిక ఒక తెర మీద, కస్టమర్ పంపిన వాట్సాప్ మ్యాటర్ ఇంకో తెర మీద పెట్టుకుని టైప్ చేస్తే మెడకి ఎంత సుఖమో!

ఎస్‌ఎంపీఎస్, ఎర్తింగ్

దీని మీదే ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కేబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న లేబుల్ చూడండి. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది. కింద చిన్న పట్టిక ఉంటుంది, అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లని రాశారో చూడండి. ఇప్పటి కంప్యూటర్లో ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు తినేది అంతా ఆ 12 వోల్టుల లైన్ నుంచే. నిజమైన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో అక్కడ సాధారణంగా 30 పైనే ఉంటుంది. 36 ఉందనుకోండి, 12తో గుణిస్తే 432 వాట్లు, సరిపోయింది. ఫ్రీగా వచ్చేదాని మీద అక్కడ 14, 16 అని కనిపిస్తుంది. 12 × 16 = 192. పైన రాసిన 450 ఎక్కడికి పోయినట్టు?

"మా సిస్టంకి 192 చాలదా?" అంటే, ఇప్పటికి చాలుతుంది. 12400 మామూలుగా 65 వాట్లు, గట్టిగా పని పడితే 117 వాట్ల దాకా వెళ్తుంది. గ్రాఫిక్ కార్డు లేకుండా సిస్టం మొత్తం కలిపినా 200 వాట్ల లోపే. సమస్య వాట్లతో కాదు. వోల్టేజి ఎగిసినప్పుడు, లోపల షార్ట్ అయినప్పుడు తనంతట తాను ఆగిపోయే రక్షణ మంచి ఎస్‌ఎంపీఎస్‌లో ఉంటుంది. చవకదాంట్లో అది ఉండదు, ఉన్నా పేరుకే. మంచిది పోతే ఒంటరిగా పోతుంది. చవకది పోయేటప్పుడు బోర్డునో డిస్క్‌నో వెంట తీసుకుపోతుంది. మే నెలలో సాయంత్రం గాలివాన, టపటపా కరెంటు పోయి రావడం, మర్నాడు పొద్దున్నే షాపు ముందు ఆన్ కాని సిస్టమ్స్. డిస్క్‌లో ఉన్న కస్టమర్ల ఫైళ్ల సంగతి తలుచుకుంటే ఎస్‌ఎంపీఎస్ ఖర్చు చిన్నదే. దానికి మూడు వేలకు తక్కువ పెట్టొద్దు. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉంటే మంచిది, కానీ అది కరెంటు ఎంత వృథా చేయకుండా వాడుతుందో చెప్పే గుర్తు, మన్నికకి సర్టిఫికెట్ కాదు. వారంటీ ఎన్నేళ్లో చూడండి. కంపెనీ తన వస్తువుని ఎంత నమ్ముతుందో అక్కడ తెలుస్తుంది.

ఎర్తింగ్ లేకపోతే ఇదంతా సగం దండగ. చెప్పులు లేకుండా నేల మీద నిలబడి కేబినెట్ వెనక ఇనుప భాగాన్ని వేలి వెనకవైపుతో తాకితే జివ్వుమంటుందా? టెస్టర్ పెడితే ఎర్రగా వెలుగుతుందా? చాలామంది ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందనుకుని మార్పించుకుంటారు, కొత్తదానికీ అలాగే కొడుతుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు గోలని వడగట్టే కెపాసిటర్లు రెండు ఉంటాయి. అవి ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్యన కేబినెట్‌ని తగిలించి ఉంచుతాయి. ఎర్త్ వైరు ఉంటే ఆ కొంచెం కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే కేబినెట్ మీద మెయిన్స్‌లో సగం వోల్టేజి, అంటే వంద వోల్టుల పైన నిలబడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమనడంతో ఆగుతుంది. కానీ ఆన్‌లో ఉన్న సిస్టంకి మానిటర్ కేబులో ప్రింటర్ కేబులో గుచ్చిన క్షణంలో ఆ పోర్టు కాలిపోవచ్చు. మన వైపు పాత ఇళ్లల్లో సాకెట్‌కి మూడు రంధ్రాలుంటాయి, మూడోదాని వెనక వైరే ఉండదు. ఇంకొందరు టూ పిన్ ఎక్స్‌టెన్షన్ బాక్సులో త్రీ పిన్ని బలవంతంగా దూరుస్తారు. సిస్టం తెచ్చేముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు వెలిగించి చూపించమనండి. నిండుగా వెలగాలి. మసక మసగ్గా వెలిగితే ఎర్త్ గుంత ఎండిపోయిందన్నమాట. ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్లు పోయడం మర్చిపోవద్దు.

యూపీఎస్ విషయం. 600 వీఏది అంటే సుమారు 360 వాట్లు, ఈ సిస్టంకి చాలు. ఫైల్ సేవ్ చేసుకుని ఆపుకునేంత సమయం ఇస్తుంది, అంతకు మించి ఆశించొద్దు. లేజర్ ప్రింటర్ని మాత్రం యూపీఎస్‌కి తగిలించొద్దు. లోపలి రోలర్ వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, యూపీఎస్ కుయ్యిమని ఆగిపోతుంది, సిస్టం దాంతోపాటే పోతుంది. డీటీపీ సెంటర్లలో ఇది మామూలే. ప్రింటర్‌కి నేరుగా గోడ సాకెట్.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ లేకుండా నెట్టుకురావచ్చు, రెండు షరతులు. అది సైన్ వేవ్‌ది అయ్యుండాలి, దాని మీద స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ తన దగ్గరున్న నిల్వతో సిస్టంని నిలబెట్టేది సెకనులో దాదాపు అరవయ్యో వంతు మాత్రమే. ఎకో మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఫ్యాను ఆగదు, సిస్టం మాత్రం రీస్టార్ట్ అవుతుంది.

మిగతావి త్వరగా

ఎస్‌ఎస్‌డీ: 128 జీబీ వద్దే వద్దు. విండోస్, ఫోటోషాప్, ఆండ్రాయిడ్ స్టూడియో పెట్టేసరికి ఎర్ర గీత వస్తుంది. 500 జీబీ ఎన్‌వీఎంఈ తీసుకోండి. ఎం.2 ఆకారంలో సాటా అనే నెమ్మది రకమూ ఉంటుంది, చూడటానికి అలాగే ఉంటుంది, అది సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. బిల్లులో ఎన్‌వీఎంఈ అని ఉండాలి. పాత హార్డ్ డిస్క్‌ని అయిపోయిన పనులు దాచడానికి వాడండి.

కేబినెట్: ముందు అద్దం ఉన్నది అందంగా ఉంటుంది, గాలి పోదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకి ముందువైపు జాలీ, ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను కావాలి. ప్రాసెసర్‌తో పెట్టెలో వచ్చే కూలర్ చాలు, విడిగా కొనొద్దు. వెనక ఖాళీ స్లాట్లకి రేకు ముక్కలు బిగించే ఉండాలి. ఊడగొట్టి వదిలేస్తే బల్లులు దూరతాయి. బోర్డు మీద షార్ట్ అయి మాడిపోయిన బల్లిని తీయడం మా పనిలో ఒక భాగమే అయిపోయింది.

మానిటర్: మీకు రంగులు ముఖ్యం కాబట్టి ఐపీఎస్ ప్యానెల్, ఫుల్ హెచ్‌డీ. టీఎన్ ప్యానెల్ అయితే కొంచెం పక్కకి జరిగినా కుంకుమ రంగు ఇంకో రంగులా కనిపిస్తుంది, ప్రెస్ నుంచి పత్రికలు వచ్చాక కస్టమర్‌తో గొడవ.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ ఎందుకు చెప్పలేదు?

చెడ్డదని కాదు. పాప కాస్త గేములు కూడా ఆడుతుందంటే రైజన్ 5 5600జీ తీసుకోండి. ఆరు కోర్లు, దాని లోపలి వేగా గ్రాఫిక్స్ ఇంటెల్‌దానికన్నా బాగా బలమైనది. అప్పుడు మాత్రం ర్యామ్ 8 జీబీవి రెండు వేయాల్సిందే, ఒకటే వేస్తే ఆ గ్రాఫిక్స్ బలం సగం చచ్చిపోతుంది. బోర్డు బి550 గానీ ఏ520 గానీ. 'జీ' లేని 5600కి గ్రాఫిక్స్ ఉండదు, ఇంటెల్ 'ఎఫ్' కథే ఇక్కడా. ముందుచూపుతో కొనాలంటే ఏఎం5 (ఏఎండీ కొత్త తరం సాకెట్) బోర్డు మంచిది, రేపు కొత్త ప్రాసెసర్ వేసుకోవచ్చు. కానీ దానికి డీడీఆర్5 ర్యామే కావాలి. ఇప్పటి ర్యామ్ రేట్లలో 50 వేలలోకి అది ఇమడదు.

50 దాటిపోతే ఏది తగ్గించాలి?

ముందు ప్రాసెసర్‌ని ఐ3-12100కి దించండి. తర్వాత కేబినెట్. కీబోర్డు, మౌస్ పాతవే వాడండి. ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ జోలికి పోవద్దు. రేపు మళ్లీ చేతిలో డబ్బు ఆడినప్పుడు అదే బోర్డులోకి 12400 వేసుకోవచ్చు, ఐ3 అమ్ముడుపోతుంది కూడా.

ఎక్కడ కొనాలి

చిత్తూరు నుంచి మీకు చెన్నై, బెంగళూరు రెండూ అందుబాటులోనే ఉన్నాయి. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్. రేటు కొంచెం తగ్గుతుంది, రకాలు ఎక్కువ దొరుకుతాయి. ఆదివారం వెళ్లొద్దు, రిచీ స్ట్రీట్‌లో చాలా షాపులు మూసుంటాయి. బిల్లు లేకుండా తగ్గిస్తానంటే వద్దనండి. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశపడితే వారంటీ పోతుంది. ప్రాసెసర్ డబ్బాలో సీలుతో ఉన్నది తీసుకోండి. ట్రే ప్రాసెసర్ అని విడిగా అమ్మేది చవకే, కానీ దానికి కంపెనీ ఇచ్చే మూడేళ్ల వారంటీ ఉండదు, షాపువాడి మాటే వారంటీ.

నా సలహా అయితే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకే చోట కొనండి, చిత్తూరులోనో తిరుపతిలోనో అయినా సరే, వెయ్యి ఎక్కువైనా సరే. ఈ మూడింట్లో ఏదో ఒకటి మొరాయిస్తే తప్పు దేనిదో తేల్చడం ఇంట్లో కుదరదు. మూడు చోట్ల కొంటే ఒక్కొక్కరూ పక్కవాడి వస్తువు మీదికి తోస్తారు. ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ, మానిటర్ ఆన్‌లైన్లో ఎక్కడ తగ్గితే అక్కడ తెప్పించుకోవచ్చు, అమ్మేవాడి పేరు చూసి. బిల్లులో ప్రతి పార్టుకీ సీరియల్ నంబర్ రాయించండి. 'అసెంబుల్డ్ సిస్టం, ఒకటి' అని ఒక్క ముక్కలో రాసిన బిల్లుతో సర్వీస్ సెంటర్‌కి వెళ్తే వాళ్లు వెనక్కి పంపేస్తారు.

డబ్బు ఇచ్చేముందు షాపులోనే చూడాల్సినవి

టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో సీపీయూ పేరు, నంబరు చదవండి. పక్కనే మెమరీ మీద నొక్కితే ర్యామ్ ఎంత వేగంతో నడుస్తుందో, రెండు స్లాట్లలో ఎన్ని నిండాయో ఉంటుంది. 3200 అని కొన్నది అక్కడ 2400 అని చూపిస్తే చాలావరకు ర్యామ్ తప్పు కాదు, బయోస్‌లో (బోర్డు సెట్టింగులు) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగ్, ఆన్ చేయలేదు. అక్కడే చేయించుకోండి, అర నిమిషం పని. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఎస్‌ఎస్‌డీ ఇప్పటికి ఎన్ని గంటలు నడిచిందో కనిపిస్తుంది. కొత్తదానికి ఒకటో రెండో ఉండాలి. వేలల్లో ఉంటే అది ఎక్కడినుంచో ఊడదీసింది.

చివరిగా మీ డీటీపీ సాఫ్ట్‌వేర్. అను ఫాంట్లతో పాత పేజ్‌మేకర్ వాడుతున్నారంటే, కొత్త సిస్టం వచ్చిన రోజే పాతది అమ్మేయకండి. విండోస్ 11 వచ్చేది 64-బిట్‌లోనే, మరీ పాతకాలపు 16-బిట్ ఇన్‌స్టాలర్లు అందులో అసలు తెరుచుకోవు. మీ పాత పత్రికల ఫైళ్లు నాలుగైదు కొత్తదాంట్లో తెరిచి, ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో ప్రింట్ తీసి చూసుకోండి. ముహూర్తాల సీజన్ మధ్యలో మాత్రం ఈ మార్పు పెట్టుకోకండి, శూన్యమాసంలో అయితే తీరిగ్గా ఉంటుంది.